మొల్ల: అందరికీ తెలిసి, ఎవరూ పెట్టుకోని పేరు

మొల్ల పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. బడిలో ఆమె పద్యం అప్పజెప్పినవాళ్ళు, హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం పూట నడిచినవాళ్ళు, పాత సినిమాల మీద మోజున్నవాళ్ళు ఏదో ఒక దారిన ఆ పేరు దగ్గరికి వచ్చే ఉంటారు. మరి మీ వీధిలో మొల్ల అనే అమ్మాయి ఉందా? మీ చుట్టాల్లో, మీతో చదువుకున్నవాళ్ళలో, మీ ఆఫీసు హాజరు పట్టీలో? చాలామంది కాసేపు తడుముకుని లేదనే అంటారు. రెండక్షరాల పేరు. తేలిగ్గా నోరు తిరుగుతుంది. అర్థం పువ్వు. పెట్టుకున్న మనిషి రామాయణం రాసిన కవయిత్రి. ఆడపిల్లకు పేరు వెతికే తల్లిదండ్రులు అడిగేవన్నీ ఇందులో ఉన్నాయి. అయినా పేరు మాత్రం వాడుకలోకి రాలేదు. దీనికి చెప్పే కారణాలు రకరకాలుగా ఉన్నాయి. వాటిలో కొన్ని నిలబడతాయి, కొన్ని నిలబడవు. వాటి జోలికి వెళ్ళే ముందు పేరు పుట్టుపూర్వోత్తరాలు చూడాలి.

మొల్ల అంటే మల్లె అనీ, ‘మల్లి’ అన్న మాటే పల్లెటూరి నోట ‘మొల్ల’ అయిందనీ చాలామంది అనుకుంటారు. అలా అనుకోనక్కర్లేదు. తమిళంలో ముల్లై, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె, తెలుగులో మొల్ల. నాలుగు భాషల్లోనూ ఉన్న ఈ మాట ఒకే ద్రావిడ ధాతువు నుంచి వచ్చింది. తమిళంలో ‘ము’ ఉన్నచోట మనకు ‘మొ’ ఉండటం యాదృచ్ఛికం కాదు. వాళ్ళ ముదల్ మనకు మొదలు, వాళ్ళ ముళై మనకు మొలక, వాళ్ళ ఉడల్ మనకు ఒడలు. తర్వాతి అక్షరంలో అకారమో దాని దగ్గరి అచ్చో ఉంటే తమిళంలో ఉకారం, తెలుగు కన్నడాల్లో ఒకారం కనబడతాయి. ముల్లై–మొల్ల జంట ఆ సూత్రానికి అచ్చంగా సరిపోతుంది. కాబట్టి మొల్ల మరో మాట చెడిపోగా మిగిలింది కాదు, సొంత వంశం ఉన్న మాట. సంస్కృతం నుంచి తెచ్చుకున్నది అంతకన్నా కాదు.

పువ్వు సంగతి ఇంకొంచెం చిక్కు. తెలుగు నిఘంటువులు మొల్లకు కుందం అని అర్థం ఇస్తాయి. అమరకోశం కుందానికి ‘మాఘ్యం’ అని ఇంకో పేరు చెబుతుంది. అంటే మాఘమాసంలో, చలికాలంలో పూసేది. మల్లె ఎండాకాలపు పువ్వు. ఉగాది దాటాక మల్లెలు, చలి ముదిరాక మొల్లలు. రెండూ తెల్లనివే, రెండూ ఒకే కుటుంబానివే. ఋతువులు వేరు, రేకుల తీరు వేరు. పరిమళంలోనూ మల్లెదే పైచేయి. వృక్షశాస్త్రం లెక్కన కుందం అంటే జాస్మినం మల్టీఫ్లోరమ్. ఆ మొక్క పూలనే మన పూల అంగళ్ళలో కాగడాలు అంటారు. మూరల లెక్కన కాగడాలు కొనే ఆవిడ తన జడలో ఉన్నది మొల్లపూలని ఎన్నడూ అనుకోదు. కావ్యాలు చదివినవాళ్ళకు మాత్రం పలువరుస అనగానే మొల్లమొగ్గలు గుర్తొస్తాయి. కవులు తెగ వాడిన ‘కుందరదన’ అన్న మాటకు తెలుగు చేస్తే మొల్లమొగ్గల పళ్ళున్న అమ్మాయి అనే. అంటే మాట పుస్తకంలో నిలిచింది, అంగట్లో పోయింది. పేరు కనుమరుగు కావడానికి ఇది చిన్న కారణం కాదు. జాజి, మల్లి అన్న పేర్లు ఇప్పటికీ పిలుపుల్లో ఉన్నాయంటే, ఆ పూలను ఆ పేర్లతోనే బేరమాడుతున్నాం కనక.

తమిళ దేశంలో ముల్లై అంటే ఇంకో రకం మల్లెజాతి పువ్వు. అది వానాకాలపు సాయంత్రాలది. ప్రాచీన తమిళ సంగం కవులు భూమిని అయిదు తిణైలుగా, అంటే నేల తీరులుగా, విభజించినప్పుడు అడవులు, పచ్చిక బయళ్ళు ఉన్న నేలకు ముల్లై అని పేరు పెట్టారు. ఊరెళ్ళిన భర్త కోసం ఓపికగా ఎదురుచూసే ఇల్లాలి భావం ఆ తిణైకి చెందింది. పాకడానికి ఆసరా లేక అల్లాడుతున్న ముల్లై తీగకు తన రథాన్నే పందిరిగా వదిలి వెళ్ళిన పారి రాజు కథ తమిళులకు చిన్నప్పటి నుంచీ తెలుసు. శ్రీలంకలో ముల్లైత్తీవు అనే జిల్లా ఉంది. 1895లో కట్టిన ముల్లైపెరియార్ ఆనకట్ట పేరులో మొదటి సగం ఒక ఏటి పేరు. అక్కడ ముల్లై ఆడపిల్లల పేరుగానూ, ముల్లైక్కొడి లాంటి జంట పేర్లలోనూ బతికే ఉంది. ఒకే మాట పక్క ఇంట్లో ఇన్ని కొమ్మలు వేస్తే మన పెరట్లో ఒక్కటే మొగ్గ మిగలడం ఆలోచించాల్సిన విషయం.

మన పెరట్లో మిగిలిన ఆ ఒక్కరూ ఆతుకూరి మొల్ల. ఆమె గురించి నమ్మకంగా చెప్పగలిగేదంతా ఆమె పుస్తకంలోనే ఉంది. తన ఊరు గోపవరం. తండ్రి కేసన, కేసనసెట్టి. ఆయన గురువులనూ జంగములనూ కొలిచే శివభక్తుడు. తను చదువుల్లో పండితురాలు కాదనీ, శ్రీకంఠ మల్లేశ్వరుడి దయవల్లే కవిత్వం అబ్బిందనీ చెప్పుకుంది. ఆ వినయాన్ని అక్షరాలా నమ్మనక్కర్లేదు. వ్యాకరణం, ఛందస్సు, అలంకారాలు ఏవేవి తనకు తెలియవో వరసపెట్టి చెప్పిన తీరులోనే అవన్నీ తెలుసన్న సంగతి బయటపడుతుంది. మొత్తం దాదాపు 870 గద్యపద్యాల చిన్న రామాయణం అది. చదవగానే అర్థం కావాలి, గూఢమైన మాటలు పేర్చితే మూగా చెవిటీ ముచ్చటలా ఉంటుంది అన్నది కవిత్వం గురించి ఆమె నమ్మకం.

కాలం మీద వాదాలున్నాయి. ఏకామ్రనాథుడి ప్రతాపచరిత్రలో మొల్ల ప్రస్తావన ఉందని ఆమెను కాకతీయుల కాలానికి లాగినవాళ్ళున్నారు. కృష్ణదేవరాయల సభకు తీసుకువెళ్ళి తెనాలి రామకృష్ణుడితో మాటల పోటీ పెట్టిన చాటు కథలున్నాయి. పూర్వకవుల స్తుతిలో ఆమె శ్రీనాథుణ్ణి తలచుకుంది కాబట్టి 15వ శతాబ్దానికి ముందుకు ఆమెను తోయడం కుదరదు. 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దం మొదట్లో ఉంచడం అందుకే ఎక్కువమందికి సమ్మతం. ఊరి మీదా తగువుంది. నెల్లూరు వాళ్ళు తమ గోపవరమంటారు, కడప వాళ్ళు బద్వేలు దగ్గరి గోపవరమంటారు. కడప వాదానికే ఇప్పుడు బలం ఎక్కువ. తాళ్ళపాక తిమ్మక్క సుభద్రాకళ్యాణం వెలుగులోకి వచ్చేదాకా తొలి తెలుగు కవయిత్రి అన్న బిరుదు మొల్లదే. ఇప్పటికీ చాలామంది నోట ఆమెదే.

ఆమెకు ఆ పేరు ఎలా వచ్చిందన్నది మన ప్రశ్నకు ముఖ్యం. శివుడికి ఇష్టమైన పువ్వు కాబట్టి తండ్రి ఆ పేరు పెట్టాడనీ, బసవేశ్వరుడి మీద భక్తితో బసవి అని ముద్దుగా పిలిచేవాడనీ సంప్రదాయ కథ. శ్రీశైలంలో శివుణ్ణి మల్లెలతో పూజించిన రాజకుమారి కథ ఆ క్షేత్రానికి ఉంది. మల్లికార్జునుడి పేరుకు ఆ కథనే కారణంగా చెబుతారు. కడప వైపు శైవ కుటుంబంలో పుట్టిన పిల్లకు తెల్లపువ్వు పేరు పెట్టడంలో వింత లేదు. వింతల్లా ఆ పేరు బోసిగా ఉండటమే. మన పాత స్త్రీల పేర్లకు తోక ఉండటం రివాజు. తిమ్మక్క, వెంగమాంబ, రంగాజమ్మ. కాకతీయ శాసనాల్లో మైలమ, గణపమ, రుద్రమ. గణపతిదేవుడి తోబుట్టువుల్లో ఒకరు కుందమాంబ. అక్క, అమ్మ, అంబ, సాని, ఏదో ఒకటి తగిలిస్తే కానీ పేరు పెద్దమనిషి పేరు అయ్యేది కాదు. కవయిత్రి మాత్రం తన పుస్తకంలో ప్రతి కాండ చివరా ‘మొల్ల’ అనే సంతకం చేసింది. మొల్లమాంబ అన్న రూపం తర్వాతివాళ్ళ మర్యాద. ఒక ఇంటి పిలుపు పేరే కావ్యం మీద నిలిచిపోయిందనిపిస్తుంది నాకు.

ఇక ప్రాచుర్యం. పాశ్చాత్య దేశాల్లో ఈ ప్రశ్నకు జవాబు తేలిక. అమెరికా సాంఘిక భద్రతా శాఖ 1880 నుంచి పుట్టిన పిల్లల పేర్లను ఏడాదివారీగా లెక్కగట్టి బయటపెడుతుంది. ఒక ఏడాదిలో అయిదుగురికన్నా తక్కువమందికి పెట్టిన పేరు మాత్రం ఆ జాబితాలో చేరదు. ఇంగ్లండు, ఫ్రాన్సుల్లోనూ అలాంటి లెక్కలున్నాయి. మన దగ్గర 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ప్రతి పుట్టుకా రిజిస్టరులోకి ఎక్కాలి. ఆ రిజిస్టర్లలోంచి ఏ పేరు ఎంతమందికి ఉందో తీసి అచ్చువేసే అలవాటు మాత్రం లేదు. ఓటర్ల జాబితాలున్నాయి కానీ అవి పోలింగు కేంద్రాల వారీగా చీలి ఉంటాయి. పైగా పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు వాటిలో ఉండరు. అందువల్ల మన పేర్ల గురించి ఎవరు ఏం రాసినా, ఈ వ్యాసంతో సహా, కళ్ళముందు కనబడేదాన్ని బట్టి రాసిందే. ఇంటర్నెట్టులో ‘మొల్ల: అదృష్ట సంఖ్య ఇంత, ప్రాచుర్యం ఇన్ని శాతం’ అని చెప్పే పేర్ల సైట్లను నమ్మే పని లేదు. ఆ శాతానికి ఆధారం ఎక్కడా దొరకదు.

కళ్ళముందు కనబడేదాన్ని బట్టే చూద్దాం. తెలుగు ఇళ్ళలో పేరు తరం నుంచి తరానికి నడిచే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది మొక్కు. కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంటే పుట్టిన పిల్ల మల్లమ్మ, పిల్లాడు మల్లయ్య. ఓరుగల్లు వైపు ఐలోని మల్లన్న పేరు మీద ఐలమ్మలు, ఐలయ్యలు. నెల్లూరు జిల్లా నర్రవాడ వెంగమాంబ పేరంటాలు చుట్టుపక్కల ఊళ్ళకు వెంగమ్మలను ఇచ్చింది. ఒక గుడి, ఏటా ఒక తిరనాళ్ళు, మొక్కులు తీర్చే నమ్మకం ఉన్నంత కాలం ఆ పేరు ఊళ్ళో పుడుతూనే ఉంటుంది. రెండోది నాయనమ్మ. తాత పేరు మనవడికి, అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు మనవరాళ్ళకు పెట్టడం మొన్నమొన్నటి దాకా దాదాపు విధి. పాత పేరు మరీ పాతగా ఉందనుకుంటే రికార్డుల్లో ఆధునికంగా రాయించి, మొదటి అక్షరమో దేవుడి పేరో నిలుపుకునేవారు. ఈ రెండు దారుల్లోనూ మొల్లకు చోటు దక్కలేదు. ఆమె పేరంటాలు కాలేదు, ఆమెకు జాతర లేదు. ఆమె పెళ్ళి చేసుకోలేదంటారు. అదే నిజమైతే మనవరాళ్ళూ లేరు. కవిత్వం మొక్కులు తీర్చదు కదా.

ఇక్కడ చాలామంది కులం మాట ఎత్తుతారు, ఎత్తాలి కూడా. అల్లసాని పెద్దన, బమ్మెర పోతన అని ఇంటిపేర్లతో చెప్పుకునే మనం ఆతుకూరి మొల్లను ‘కుమ్మర మొల్ల’ అంటాం. ఆమె తన పుస్తకంలో కులం చెప్పుకోలేదు. జనశ్రుతి చెప్పింది. మగకవులకు ఇంటిపేరు, ఆమెకు కులం పేరు. ఇదే పని మనం చిట్యాల ఐలమ్మకూ చేశాం. చాకలి ఐలమ్మ అంటేనే ఎవరికైనా తెలిసేది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరులోనూ ఆ మాట ఉంది. ఒకప్పుడు తక్కువ చేసి అన్న మాటను ఆ కులాలవాళ్ళు ఇప్పుడు గర్వంగా ఎత్తి పట్టుకోవడం వేరే కథ. కుమ్మరుల శాలివాహన సంఘాలు ఏటా మార్చి 13న మొల్ల జయంతి చేస్తాయి, విగ్రహాలు నిలబెడతాయి. ఆ గర్వం న్యాయమైనది. అయినా పేరు చుట్టూ ఇలా కులం కంచె పడ్డాక బయటి కులాలవాళ్ళు తమ పిల్లకు ఆ పేరు పెట్టడానికి జంకుతారన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు.

అయితే ఆ ఒక్క కారణంతో లెక్క తేలదు. తేలితే కులం కంచె లేని కవుల పేర్లు ఊరూరా వినబడాలి. తిక్కన అనే కుర్రాణ్ణి ఎంతమంది చూశారు? పోతన, ఎఱ్ఱన, పెద్దన? ఇవీ మొల్లలాగే పాఠ్యపుస్తకాల్లో దాక్కున్న పేర్లే. అదే శ్రీనాథుణ్ణి చూడండి. శ్రీనాథ్‌లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళలో చాలామంది తల్లిదండ్రులకు పేరు పెట్టేటప్పుడు కవిసార్వభౌముడు గుర్తొచ్చి కూడా ఉండడు. సంస్కృతపు పేరు, విష్ణువు పేరు, అంతే. అంటే కవుల పేర్లలో సంస్కృతం బతికింది, దేశ్యం పోయింది. పువ్వుల పేర్లలోనూ ఇదే జరిగింది. తామర ఉండగా పద్మ, కలువ ఉండగా కుముద, సంపెంగ ఉండగా చంపక, మల్లె ఉండగా మల్లిక. మాలతి, మాధవి, వకుళ లాంటివి ఎన్ని తరాలైనా పాతబడలేదు. గత నూరేళ్ళలో బడికి వెళ్ళిన మొదటి తరం ఆడపిల్లల పేర్లు మారిన తీరు చూస్తే, రికార్డుల్లోకి ఎక్కడమంటే సంస్కృతంలోకి ఎక్కడమే అన్నట్టుంటుంది. పోలమ్మ మనవరాలు పూర్ణిమ అయింది. నండూరి ఎంకి పాటలు తెలుగునాడంతా పాడుకున్నారు. ఎంకి అని కూతురికి పేరు పెట్టినవాళ్ళు మాత్రం అరుదు. పాడుకోవడానికి పల్లెటూరి పేరు, పెట్టుకోవడానికి పుస్తకం పేరు.

ఈ వాదనకూ ఎదురుదెబ్బ ఉంది. దాని పేరు వెన్నెల. అచ్చతెలుగు మాట, ఏ పురాణంలోనూ లేదు, ఏ దేవతా కాదు. అయినా గత రెండు మూడు దశాబ్దాల్లో హాయిగా వాడుకలోకి వచ్చింది. విరాటపర్వం (2022), దసరా (2023) సినిమాల్లో కథానాయికల పేర్లు రెండూ వెన్నెలే. సిరి అంటే ఇష్టపడని తెలుగిల్లు లేదు. కాబట్టి దేశ్యం కావడం వల్లే మొల్ల ఆగిపోయిందనడం చాలదు. వెన్నెల, సిరి నిత్యవాడుకలో ఉన్న మాటలు, వినగానే అర్థం తోస్తుంది. మొల్ల అంటే ఏమిటని అడగాలి. అడిగితే మల్లె అని తప్పో ఒప్పో జవాబు వస్తుంది. పూల అంగట్లో పోయిన మాటకు ఇంట్లో విలువ కట్టడం కష్టం.

ఇంకొక కారణం ఉంది. దాన్ని పండితులు రాయరు, తల్లులు మాత్రం ముందే ఆలోచిస్తారు. మొల అంటే నడుము. మొలలు అంటే ఏమిటో వైద్యుడి దగ్గరికి వెళ్ళినవాళ్ళకు తెలుసు. ఒక్క ‘ల’ వత్తు తీసేస్తే చాలు, బడిలో పిల్లలు ఏం చేస్తారో ఊహించుకోవచ్చు. తామర పేరుగా రాకపోవడానికి పద్మ ఒక్కటే కారణం కాదు, చర్మానికి వచ్చే తామర కూడా. తెలుగులో ‘మొ’తో మొదలయ్యే మాటలు కొన్ని తలచుకోండి: మొద్దు, మొండి, మొరటు, మొట్టికాయ, మొసలి. ముద్దుగా వినబడేవి మొగ్గ, మొలక లాంటివి కొన్నే. పేరు పెట్టేటప్పుడు చెవి ఇలాంటి లెక్కలన్నీ చూసుకుంటుంది. మనసుకు మాత్రం ‘ఎందుకో నచ్చలేదు’ అని చెబుతుంది.

జన్మనక్షత్రం చూసి పేరు పెట్టేవాళ్ళకు మరో అడ్డు. పంచాంగంలో ఇరవైయేడు నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున 108 అక్షరాలుంటాయి. మకారం మఖ నక్షత్రంలో మా, మీ, మూ, మే అని నడిచి, పుబ్బ మొదటి పాదంలో మో దగ్గర ఆగుతుంది. సంస్కృతంలో హ్రస్వ ఒకారం లేదు కాబట్టి ఆ పట్టికలో ‘మొ’ అన్న అక్షరమే లేదు. మో అన్నా మొ అన్నా ఒకటే లెమ్మని పురోహితుడు సర్దుకున్నా, ఆ ఒక్క పాదంలో పుట్టిన పిల్లలకే ఆ అక్షరం దక్కుతుంది. ఆ పిల్లల కోసం మోహన, మోక్ష, మోక్షిత, మోనిక అప్పటికే వరసలో నిలబడి ఉంటాయి. ఏ నియమమూ లేకుండా పేరు పెట్టేవాళ్ళ సంఖ్య పెరుగుతున్నా, మొదటి అక్షరం పంతులుగారిని అడిగే అలవాటు నగరాల్లోనూ పోలేదు. పైపెచ్చు దాని మీద సంఖ్యాశాస్త్రం వచ్చి కూర్చుంది.

ఇక సర్కారు, సినిమా చేసిన ప్రయత్నాలు. 1970లో పద్మనాభం తీసిన ‘కథానాయిక మొల్ల’లో వాణిశ్రీ మొల్లగా వేసింది. పేరు పోస్టర్ల మీద ఊరూరా వెలిసింది. ఇంటూరి వెంకటేశ్వరరావు ‘కుమ్మర మొల్ల’ అనే నవల రాశారు. 1986లో ట్యాంక్‌బండ్ మీద నిలబెట్టిన తెలుగు ప్రముఖుల వరసలో మొల్ల విగ్రహం ఉంది. 2017లో తపాలా బిళ్ళ వచ్చింది. సూసీ తారు, కె. లలిత 1991లో తెచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనంతో ఇంగ్లీషు చదువరులకూ ఆమె పరిచయమైంది. ఇన్ని జరిగినా పేరు పిల్లల మీదికి దిగలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. సినిమా హీరోయిన్ పేరు అంటుకోవాలంటే ఆ పాత్ర మీద ప్రేక్షకులకు మోజు పుట్టాలి. 1951లో ‘మల్లీశ్వరి’లో భానుమతి అలాంటి పాత్ర. భక్తి, సంఘంతో తగువు, సన్యాసం లాంటి చివరి జీవితం ఉన్న కవయిత్రి మీద పుట్టేది గౌరవం. విగ్రహం సంగతి సరేసరి. మొల్ల పేరు పెట్టుకోదగ్గదని కాక, దండ వేయదగ్గదని మనకు నేర్పింది విగ్రహాలే అని నా అనుమానం. ఒకే మనిషికి అంటిపెట్టుకుపోయిన పేరు క్రమంగా బిరుదులా మారుతుంది. ఎవరైనా కూతురికి మొల్ల అని పెడితే ‘పాప కవిత్వం రాస్తుందా?’ అని అడిగేవాళ్ళు తప్పక ఎదురవుతారు. శారద అని పెడితే ఎవరూ వీణ గురించి అడగరు.

కారణాలన్నీ ఒకచోట పెట్టి తూస్తే నాకు బరువుగా తోచేవి రెండు: పూవు పేరుగా మాట వాడుకలోంచి పోవడం, నాయనమ్మల వరస మొదలే కాకపోవడం. కులం ముద్ర, సంస్కృతపు మోజు, చెవికి తగిలే మొలలు, పంచాంగం, ఇవన్నీ ఆ రెంటికీ తోడు నిలిచినవే. మొదటి రెండూ లేకపోతే ఇవి ఆ పేరును ఆపగలిగేవి కావు. తమిళ ముల్లై దీనికి సాక్ష్యం. అక్కడా సంస్కృతపు పేర్ల మోజు వచ్చింది. ఆపైన తమిళ పేర్లు పెట్టుకుందామన్న ఉద్యమమూ వచ్చింది. ఉద్యమం వచ్చేసరికి ముల్లై పూవుగా, ఏరుగా, నేలగా, సంగం కథగా ఇంకా నోళ్ళలో ఉంది. తీసి పెట్టుకోవడం తేలికైంది. కన్నడ సీమలో తిమ్మక్క పేరుకూ అలాంటి ఊపిరే ఉంది. రోడ్డు పక్కన మర్రిచెట్లు పెంచి 2019లో పద్మశ్రీ అందుకున్న సాలుమరద తిమ్మక్క వల్ల అది కొత్త తరానికీ తెలిసింది. మన తాళ్ళపాక తిమ్మక్క పేరు మాత్రం పరిశోధకుల దగ్గరే ఉండిపోయింది.

ఊరు దాటి వెళ్ళినవాళ్ళ సంగతి కొంచెం వేరు. మొల్ల అని రోమన్ లిపిలో రాస్తే బెంగాలీలు ఇంటిపేరు అనుకుంటారు. బంగ్లాదేశ్‌లోనూ పశ్చిమ బెంగాల్‌లోనూ మొల్లా అన్నది ముల్లా నుంచి వచ్చిన ముస్లిం ఇంటిపేరు. ఇథియోపియాలోనూ అదే అక్షరాలతో పేరుంది. ఉత్తరాది పోలీసు కానిస్టేబులు పాస్‌పోర్టు విచారణలో ఇది తండ్రి పేరా అని అడిగితే కోపగించుకోకూడదు. అమెరికాలో మాత్రం ఈ పేరుకు అనుకోని అనుకూలత ఉంది. మాలీ అన్న పేరు వాళ్ళకు పాతదే, మేరీకి అది ముద్దుపేరు. మాయా, మీరా, లైలా, మీలా లాంటి రెండక్షరాల, మకార లకారాల పేర్లు అక్కడి బడుల్లో ఎక్కువగా వినబడుతున్నాయి. తెలుగువాళ్ళు కూడా పిల్లలకు టీచరు నోట విరగని పేరు కావాలని వెతుక్కుంటారు. మొల్ల ఆ వెతుకులాటకు తగిన పేరు. మొలలతో పోలిక గుర్తొచ్చే పిల్లలు ఆ తరగతిలో ఉండరు. కుమ్మర అన్న ముందుమాటా అక్కడ ఎవరికీ తెలియదు. ఈ పేరు మళ్ళీ చిగిరిస్తే జయంతి సభల వల్ల కాక, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇళ్ళ వల్ల చిగిరిస్తుందేమో. అలా జరిగితే కొంచెం నవ్వొచ్చినా నాకు అభ్యంతరం లేదు.

పెట్టాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. మొల్లశ్రీ, మొల్లిక, మొల్లిత అని ఇప్పటి ఫ్యాషన్ తోకలు తగిలించకండి. కేసన అమ్మ, అక్క కూడా తగిలించలేదు. రోమన్ లిపిలో ఎల్ రెండుసార్లు రాయించండి, ఒక్కటే రాస్తే పైన చెప్పిన మొలల పోలిక తప్పదు. ఆస్పత్రిలో ఫారం నింపేటప్పుడు తొందరపడి ఏదో ఒక పేరు రాయనూ వద్దు. పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించుకుని, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. అది దాటినా పదిహేనేళ్ళ దాకా ఆలస్య రుసుముతో చేర్చే వీలు చట్టంలో ఉంది. ఈలోగా పెద్దవాళ్ళతో వాదించుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది.